కుండకు పూసిన ఉప్పు

మొన్న మా పోదనూరు రైల్వే ఇళ్ళ వెంట కొందరు పడుచువాళ్ళు ఉప్పు మీద పన్ను ఎత్తివెయ్యాలని కేకలు పెడుతూ పోయారు. మా కోడలు పొయ్యి మీద పులుసు వదిలేసి, కొంగు నడుముకు చుట్టుకొని వాకిట్లోకి వెళ్ళి, తానూ వాళ్ళతో కలిసి సర్కారును నాలుగు మాటలని, ఏమీ జరగనట్టు తిరిగి వచ్చి గరిటె పట్టుకుంది. పులుసు అడుగంటింది కానీ అమ్మాయి ముఖం మాత్రం పెళ్ళికి వెళ్ళి వచ్చినట్టు వెలిగిపోతోంది. నేనైతే వీధి మలుపులో ఎవరైనా నిలబడి వింటున్నారేమోనని కిటికీలోంచి రెండు మూడు సార్లు తొంగి చూశాను. సర్కారును పైకి ఒక మాట అనడమంటే ఏమిటో నా ఈడువాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ రోజులు చూసినవాళ్ళు కనుక మీతోనే చెప్పుకోవాలనిపించింది.

మా ఊరు కోయంబత్తూరు నుంచి తిరుప్పూరు వెళ్ళే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉండేది. భూములున్న వాళ్ళూ తెలుగువాళ్ళే, కూలికి వెళ్ళే మేమూ తెలుగువాళ్ళమే. ఏ రాజుల కాలంలోనో ఉత్తరాన్నుంచి దిగివచ్చామని పెద్దవాళ్ళు చెప్పుకొనేవారు గానీ, ఎవరూ ఆ ఉత్తరం ముఖం చూసినవారు కారు. మాది ఉప్పు తీసే వంశం. సముద్రం ఎటువైపు ఉందో కూడా మాకు తెలియదు, మా ఉప్పు మన్నులోంచే వచ్చేది. ఎండాకాలం వస్తే చవుడు నేల మీద తెల్లగా పొంగిన పొరను గీకి, తట్టలకెత్తి, అడుగున గడ్డి పరచిన తొట్టెలో వేసి నీళ్ళు పోసి, కిందికి దిగిన ఉప్పునీటిని సున్నం మెత్తిన మడుల్లో ఎండబెట్టేవాళ్ళం. తెల్లటి ఉప్పు కాదు, బూడిద రంగు, నాలుక చివర కొంచెం చేదు. అయినా ఊరంతా ఆ ఉప్పే తినేది. మానెడు జొన్నలు పోసి మానెడు ఉప్పు పట్టుకుపోయేవారు. మధ్యలో రూక అన్నది ఎవరి కంటా పడేది కాదు.

మరో మర్యాద కూడా ఉండేది మాకు. ఊళ్ళో ఎవరు కొత్త ఇల్లు కట్టినా, పాలు పొంగించక ముందే మా అమ్మ చేతి ఉప్పు గడప దాటాలి. మా నాయనమ్మ వాళ్ళత్త నాటి ఉప్పుకుండ ఒకటి అందుకోసమే ఉట్టి మీద ఉండేది. దాన్ని ఎవరూ కడగకూడదు. ఏళ్ళ తరబడి ఉప్పు తాగి తాగి ఆ కుండకు బయటివైపు కూడా ఉప్పు పూసేది, వానాకాలంలో అయితే బూజు పట్టినట్టే కనిపించేది. మా అమ్మ దాన్ని చంకన పెట్టుకొని నడిచి వస్తుంటే భూస్వాముల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పక్కకు తప్పుకొని దారి ఇచ్చేవారు. ఏడాది పొడుగునా మట్టి కొట్టుకొని తిరిగే మనిషికి ఆ ఒక్క రోజు ఎంత రాజసం వచ్చేదో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

నాకు ఓణీ వేసిన ఏడాది కాబోలు, మన్ను ఉప్పు తియ్యరాదని, దాచరాదని, అమ్మరాదని దండోరా వేశారు. మర్నాడే బంట్రోతులు గునపాలు పట్టుకొని వచ్చి మా మడులన్నీ పగలగొట్టారు. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి. తాసిల్దారు పేరు చెబితే చాలు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొనేవాడు. మడులు పగులుతుంటే దూరంగా నిలబడి చూసి, ఇంటికి వచ్చి, ఇక ఆ పని ఊసెత్తవద్దని మా అందరి చేత ఒట్టు పెట్టించుకొని, తట్టా పారా తీసుకొని బావుల తవ్వకానికి కూలికి పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఉప్పు తీసినవాళ్ళు లేరు. ఈ మాట మీరు గట్టిగా నమ్మాలి, ఎందుకంటే తర్వాత ఎవరూ నమ్మలేదు.

ఇక ఊరి సంగతి. సర్కారువాళ్ళు తెరిచిన ఉప్పు గిడ్డంగిని కొటారు అనేవాళ్ళం, అక్కడ అమ్మే ఉప్పు తెల్లగా పూసల్లా ఉండేది, దాన్ని చూసి మొదట్లో ముచ్చటపడినవాళ్ళూ ఉన్నారు. కానీ కొటారువాడు జొన్నలు తీసుకోడు, డబ్బే కావాలంటాడు. శిస్తుకు తప్ప డబ్బు చూడని ఇళ్ళలో ఉప్పుకు డబ్బు ఎక్కడిది? ముందు పశువుల దాణాలో ఉప్పు మానేశారు, తర్వాత పచ్చళ్ళు పెట్టడం మానేశారు, చివరికి గంజిలో కూడా పిల్లలకు ఒక చిటికె వేసి పెద్దవాళ్ళు చప్పిడిదే తాగే రోజులు వచ్చాయి. ఆ వేసవిలో ఊరి పశువులు మేతకు పోకుండా మా గుడిసెల చుట్టూ చేరి గోడలు నాకడం మొదలుపెట్టాయి. మా గోడలూ చవుడు మట్టివే కదా. పగలంతా గోడకు అవతల గరగరమని ఆ నాలుకల చప్పుడు వినబడుతూ ఉంటే, ఇల్లు కొంచెం కొంచెంగా కరిగిపోతున్నట్టే అనిపించి నాకు అన్నం సయించేది కాదు.

సంతలో మగవాళ్ళు దీని మీదే మాట్లాడుకొనేవారు. రైలు వేసినవాడికి ఖర్చుండదా అని కొందరు, సముద్రపు ఉప్పు ఒంటికి మంచిదట అని కొందరు, పిల్లల నోటి దగ్గరిది లాక్కున్నవాడు బాగుపడడని మరికొందరు. కానీ ఎర్ర నడుంపట్టీ కట్టిన బంట్రోతు దూరాన కనబడితే చాలు, మాట ఠక్కున వానల మీదికి మళ్ళేది. నిజానికి, దించి వాడుకోవడానికి భయపడ్డా పారెయ్యడానికి మనసొప్పక ప్రతి ఇంటి అటక మీదా మా పాత ఉప్పు ఎంతో కొంత మిగిలే ఉంది. బంట్రోతులు ఇనుప చువ్వలతో కప్పుల్లో పొడిచి వెతికేవారు, వంటింట్లో చొరబడి కుండల మీద తడి వేలు రాసి నాకి చూసేవారు. అందుకని ఊళ్ళో ఒకరి ముఖం ఒకరు సూటిగా చూడటమే తగ్గిపోయింది.

అలాంటి రోజుల్లో ఊరి పెద్దాయన మేడ కట్టాడు. గృహప్రవేశానికి తాలూకా వాళ్ళందరినీ పిలిచాడు, అందులో ఈ బంట్రోతుల పైవాడు ఉప్పు జమేదారు కూడా ఉన్నాడని తెలిసింది. ఈసారి మా కుండకు పిలుపు రాదులే అని మేము ఊపిరి పీల్చుకుంటూ ఉండగానే పెద్దాయన భార్య, మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం, స్వయంగా మా గుడిసె ముందుకు వచ్చి నిలబడింది.

"నీ సేతి ఉప్పు రాకుంటే అది ఇల్లెట్లా అయితాది అమ్మణ్ణీ? ఆ పాత కుండలోనే తే. మా అత్తకూ అట్లనే తెచ్చినారు" అంది.

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. మా నాన్న వద్దంటే వద్దన్నాడు. మా అమ్మ మాత్రం, పిలిచిన ఇంటికి పోకపోతే ఊళ్ళో మనకు మిగిలేదేముంది అని పట్టుబట్టింది. చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. చట్టానికి తల వంచి కొటారు ఉప్పే కొనాలి, ఆచారానికి తల వంచి పాత కుండలోనే పట్టుకుపోవాలి. పాలిచ్చే మేకను సంతకు తోలుకుపోయి అమ్మి, ఊరికంతా ఉప్పు పోసిన ఇంటివాళ్ళం, కొటారు ముందు నిలబడి ఉప్పు కొనుక్కొచ్చాం. తప్పు లేకుండా చేశామన్న ధీమాతో మా నాన్న ఆ ఉదయం హాయిగా పలుగు భుజాన వేసుకొని బావి పనికి వెళ్ళిపోయాడు.

మా అమ్మ కుండ చంకన పెట్టుకొని గడప దగ్గరికి వచ్చేసరికి పందిరి నిండా జనం. ఆమె వెనకే నేను ఉన్నాను. పెద్దమ్మ చేతులు చాచింది. అప్పుడే అరుగు మీద తాంబూలం నములుతున్న జమేదారు లేచి వచ్చి, కుండలోకి తొంగి చూసి, తెల్లటి కొటారు ఉప్పు గుప్పెడు తీసి, బాగుందన్నట్టు తల ఊపాడు. మా అమ్మ ముఖం విప్పారింది. అతను గుప్పిట తెరిచి ఉప్పు మళ్ళీ కుండలో పోసి, బొటనవేలు నాలుకకు తాకించి, కుండ పొట్ట మీద రాసి, ఆ వేలు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. నవ్వాడు. లోపలిది సర్కారు ఉప్పు సరే, కుండకు అంటినది మన్ను ఉప్పు కాదా అని అరవంలో అందరికీ వినబడేలా అడిగాడు.

అది ముత్తవ్వల నాటి కుండ అని మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆడదాని మాట సాక్ష్యానికి పనికిరాదు, ఊళ్ళో మగవాళ్ళు ఎవరైనా ఇద్దరు ముందుకు వచ్చి ఇది పాత కుండేనని చెబితే వదిలేస్తానని అతను అన్నాడు. ఎంత తేలికైన మాట! ఆ పందిట్లో ఉన్న ప్రతి మనిషీ పుట్టినప్పటినుంచీ ఆ కుండను చూస్తున్నవాడే. కానీ ఆ మాట అన్నవాడి ఇంటి అటకే ముందు వెతుకుతారని అందరికీ తెలుసు. పెద్దాయన తల ఎత్తి మామిడి తోరణం కేసి చూశాడు. మిగతావాళ్ళు నేల చూశారు. పెద్దమ్మ చాచిన చేతులు అలాగే గాలిలో ఉండి, కాసేపటికి మెల్లగా కొంగు కిందికి పోయాయి. ఎక్కడో చంటిబిడ్డ ఏడుస్తుంటే తల్లి నోరు నొక్కింది. 

కుండ ఏ ఇంటిదైతే ఆ ఇంటి యజమాని మీదే నేరం కనుక బంట్రోతులు మా నాన్న కోసం నేరుగా బావి దగ్గరికి వెళ్ళారు. నడుం లోతు నీళ్ళలో ఉన్న మనిషిని పైకి లాగి, ఒంటి మీద బురద కూడా కడుక్కోనివ్వకుండా నడిపించారు. దారిలో మా అమ్మ ఎదురుపడితే ఆయన తల తిప్పి ఒకే మాట అడిగాడు.

"ఒగరన్నా నోరు తెరిసినారా?"

ఆమె జవాబు చెప్పేలోపు ముందుకు తోసుకుపోయారు. ఆయనకు కావలసింది విడుదల కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తన ఊరు తన పక్షాన ఒక్క మాట అన్నదా లేదా అన్నదే ఆయన బెంగ.

మర్నాడు తెల్లవారి తలుపు తీస్తే గడప ముందు జొన్నల బుట్టలు వరసగా ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఏ బుట్ట ఏ ఇంటిదో మా అమ్మకు అల్లికను బట్టే తెలుసు. తన్ని పారెయ్యాలని నాకు కసిగా ఉంది, కానీ పిల్లలున్న ఇల్లు, ఆమె ఒక్కొక్కటీ లోపలికి తెచ్చుకుంది. ఆ ఊరు మాకు అన్నీ ఇచ్చింది, ఒక్క మాట తప్ప.

వానలు వెనకబట్టాక మా నాన్న జైలు నుంచి ఎముకల గూడై తిరిగి వచ్చాడు. గుమ్మంలో కూర్చుని నీళ్ళు కూడా ముట్టకుండా మళ్ళీ అదే అడిగాడు. మా అమ్మ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపుతోనే నా నోరు కట్టేసింది.

"ఆమా, తెరిసినారు. ఊరే సేరి సండకు పోయినారు, కొట్లాడినారు నీ కోసరం. పెద్దాయనే ముందర నిలిసినాడు. ఆ పాపిష్టోడు వింటే కదా" అంది.

మా నాన్న రెండు చేతులతో ముఖం కప్పుకొని పసివాడిలా ఏడ్చాడు. జైలుకు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. మా అమ్మ ఆయన్ని బతికించుకుందామనే ఆ అబద్ధమాడింది, బతికించుకుంది కూడా. కానీ ఆయన అంతటితో ఊరుకోలేదు. మరుసటి రోజు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని, కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇంటింటికీ బయలుదేరాడు. వద్దని మా అమ్మ ఏ ముఖంతో ఆపగలదు? తోడుగా నన్ను పంపింది. ప్రతి వాకిట్లోనూ ఆయన చేతులు జోడించి, నా కోసరం అంత మాట్లాడినారంట, ఈ కట్టె కాలేదాకా మరవను అంటుంటే, ఆ మనుషుల ముఖాలు చూడవలసింది. ఒకాయన నిలబడ్డచోటే నిలబడి చెమటలు కక్కాడు. ఒకాయన, దానికేముందిలే అన్నాడు. మేడ గడప దగ్గర మా నాన్న వంగి నేల తాకబోతే పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి, సరే సరే, పో అన్నాడు. పెద్దమ్మ తలుపు చాటు నుంచి నన్ను చూసింది. నాకు తెలుసునని ఆమెకు తెలుసు. కాదని చెప్పడానికీ ఎవరికీ నోరు రాలేదు.

అంతకు ముందు మమ్మల్ని చూసి జాలిపడేవారు. ఆ తర్వాత చూడటమే మానేశారు. బావి పనికి పిలవడం మానేశారు, మా అమ్మ ఎదురైతే దారి మార్చుకొనేవారు. కోపంతో తిట్టిన మనిషినైనా భరించేవారేమో గానీ చెయ్యని మేలుకు రోజూ దండం పెట్టే మనిషిని ఎన్నాళ్ళని భరిస్తారు? పంట కోతలకు కూడా పిలుపు రాకపోయేసరికి, పోదనూరులో రైలు కట్ట పనికి మనుషులు కావాలన్నారని విని మూటా ముల్లే సర్దుకున్నాం. ఇక్కడి పాదిరీల బడిలోనే నేను అక్షరాలు దిద్దుకున్నాను, ఇక్కడే పంతులమ్మనయ్యాను.

ఇప్పుడు రైలు పెట్టెల్లో, కొళాయి దగ్గర, కిరసనాయిలు కొట్టు ముందు, ఎక్కడ చూసినా ధరల మీదా సర్కారు మీదా జనం గొంతెత్తి మాట్లాడుతున్నారు. భయం పోయిందమ్మా అని మా అబ్బాయి సంబరపడతాడు. పోయే ఉంటుంది, పోవాలనే నేనూ కోరుకుంటున్నాను. గుంపు గుంపుగా కేకలు వేసేవాళ్ళను కళ్ళారా చూస్తున్నాను, ఒంటరిగా చిక్కుకున్న ఒక్కడి కోసం పక్కింటివాడు నోరు విప్పడం మాత్రం ఈ వయసుదాకా ఇంకా చూడలేదు. అందుకే మా కోడలు వాకిట్లోకి పరుగెత్తిన ప్రతిసారీ నా ప్రాణం ఒంట్లో నిలవదు.

మా నాన్న బతికినన్నాళ్ళూ రైలు కట్ట మీద తోటి కూలీలకు ఆ రోజు ఊరు తన కోసం ఎలా తిరగబడిందో చెబుతూనే ఉండేవాడు. ఏటేటా ఆ కథలో ఊరివాళ్ళ కేకలు పెద్దవయ్యేవి, కొత్త కొత్త మనుషులు వచ్చి చేరేవారు. ఆయన కథ ఎత్తుకోగానే మా అమ్మ ఏదో పని కల్పించుకొని లోపలికి వెళ్ళిపోయేది. అలాంటి ఊరు భూమి మీద ఎక్కడా లేదు. అయినా నా మనవలు మన ఊరెలా ఉండేదని అడిగినప్పుడల్లా, మా నాన్న చెప్పిన ఊరినే నేనూ చెబుతూ వచ్చాను.