కళ్లంలో రెండో కావలి

మాకు అన్నం పెట్టిన శనక్కాయ మీద ఒట్టేసి చెబుతున్నా. ఇది కథ కాదు, నాకు జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపమొస్తుంది.

పావగడ తాలూకాలో వల్లూరు దగ్గర మా ఊరు. ఎనభైల చివర్లో... మూడేళ్లు వరసగా వాన మొహం చాటేసింది. వేసిన విత్తనం వేసినట్టే మట్టిలో మాడిపోయింది. నాలుగో ఏడు దేవుడు కళ్లు తెరిచాడు, కాయ విరగకాసింది. మా ఆయన మిలిటరీలో ఉన్నాడు, ఎక్కడో మంచుకొండల్లో కాపలా. రెండు నెలలుగా ఉత్తరం లేదు. ఇంట్లో నేను, మా అత్త, పాలు తాగే బిడ్డ. అంతే.

చెట్టు పీకి, కాయలు తెంపి, చేలో కళ్లం చేసి కుప్ప పోశాం. కాయ తెంపిన చెట్టంతా పక్కనే వామి వేశాం. ఆ వామి మనిషికన్నా ఎత్తు, కళ్లం పొడవునా ఉంది. వచ్చే ఏటికి విత్తనం కూడా ఆ కుప్పలోంచే తీయాలి. అది పోయిందంటే చేను బీడు, మేము బెంగుళూరులో ఇటుకలు మొయ్యాల్సిందే.

ఆ వారంలోనే రెండు కళ్లాలు దొంగలు ఊడ్చుకుపోయారు. బండి కట్టుకుని మరీ వస్తున్నారు. మగదిక్కు లేని ఇల్లు ఏదో వాళ్లకు బాగా తెలుసు.

మా ఆయన ట్రంకుపెట్టెలో పాత బూట్లు ఒక జత ఉన్నాయి. అడుగున ఇనుప మేకులు. మోకాళ్లు దాటే కోటు ఒకటి, టార్చి ఒకటి. కిందటి సెలవులో నన్ను ఆ బూట్లలో నిలబెట్టి, వాకిట్లో కాపలా నడక నేర్పించాడు. ఇరవై అడుగులు ఇటు, కాలు కొట్టి మళ్లడం, ఇరవై అడుగులు అటు. అప్పుడు అత్త నవ్వలేక కడుపు పట్టుకుంది. ఆ సాయంత్రం అవన్నీ బయటికి తీశాను.

ముందు అంగడికి పోయి, పదిమందికీ వినబడేట్టు అరిచాను. "అన్నా, బీడీల కట్ట ఒకటియ్యి. మా ఆయప్ప వచ్చినాడు. ఈ రాత్రికి కళ్లం కాడ ఆయప్పే కావలి."

నమ్మాలి కదా మరి! ఇంటికొచ్చి రెండు గిన్నెల్లో రెండు రాగి ముద్దలు పెట్టి, పప్పు పోసి, తట్టలో పెట్టుకున్నాను. అత్త మొహం మాడిపోయింది.

"ఏమే తిప్పక్కా! రాని మనిషిని వచ్చినాడని చెప్తావా? అట్ల పిలిస్తే ఎవురో ఒకరు వచ్చేస్తారు. ఆకలి మీద తిరిగేటోళ్లు శానామంది ఉంటారు."

"రానీలే అత్తా. ముద్ద ఒకటి ఎక్కువే ఉండాది" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

చీకటి పడింది. బిడ్డకు పాలిచ్చి అత్త పక్కన పడుకోబెట్టాను. కొప్పు మీద తలగుడ్డ చుట్టాను. కోటు వేసుకున్నాను. బూట్లలో గుడ్డపేలికలు కుక్కి తొడుక్కున్నాను. నా ముద్ద నేను తిన్నాను. రెండో గిన్నె వామి మొదట్లో పెట్టేశాను.

నడవడం మొదలుపెట్టాను. కళ్లం పేడతో అలికింది, గట్టిగా ఉంది. ఠక్... ఠక్... ఠక్. ఇరవై అడుగులు. కాలు కొట్టి మళ్లడం. దూరానికి బాగానే వినిపిస్తోంది, నాకే ధైర్యం వచ్చింది. చంద్రుడు లేడు. చుక్కలు మాత్రం బోలెడు.

ఎంతసేపు నడిచానో... కాళ్లు బొబ్బలెక్కాయి. మళ్లబోతూ ఒక్క క్షణం ఆగాను.

ఠక్.

నేను ఆగాను. ఆ చప్పుడు మాత్రం నాది కాదు.

వామికి అవతలి పక్క నుంచి వచ్చింది.

ఊపిరి బిగబట్టాను... ఏమీ లేదు. కీచురాళ్లు కూడా లేవు. సరే, చప్పుడు వామికి తగిలి తిరిగొచ్చిందేమో అనుకున్నాను. మళ్లీ నడిచాను. నాతోపాటు అవతల కూడా నడక. నేను ఇటు చివరికి పోతే, అది అటు చివరికి పోతోంది. లెక్కపెట్టాను. ఇరవై. నేను కాలు కొట్టాను, ఒక్క దెబ్బ.

అవతల... రెండు దెబ్బలు. ఠక్, ఠక్.

నా చప్పుడే తిరిగొస్తే ఒకటికి రెండు ఎట్లా అవుతాయి? అప్పుడు తట్టింది. ఉత్తరం లేని రెండు నెలలు... ఆయనకేమైనా అయిందా? అయి, ఇట్లా వచ్చాడా? వామి చివర మలుపు తిరిగి చూడొచ్చు, పది అడుగులు కూడా లేదు. కానీ చూడలేదు. చూస్తే నిజమైపోతుందని భయం. నడుస్తూనే ఉన్నాను. నేనిటు... అదటు.

అప్పుడు బండి వచ్చింది. చక్రాలకు గుడ్డలు చుట్టినట్టున్నారు, ఇరుసు మాత్రం సన్నగా మూలిగింది. గట్టు దాటి ముగ్గురు మనుషులు, చేతుల్లో గోతాలు. బూట్ల చప్పుడు విని ఆగారు. ఒకడు గుసగుసగా అన్నాడు, "ఆ యమ్మేరా. మొగుడు రాలేదంట, నాకు తెలుసు."

అరవాలి. అరిస్తే ఆడగొంతని తెలిసిపోతుంది. అరవకపోతే కాయ పోతుంది. టార్చి వెలిగించి వాళ్ల మొహాల మీద కొట్టాను. నోరు తెరిచాను...

"థమ్! కౌన్ ఆతా హై!"

చేను దద్దరిల్లింది. ఆ మాట కూడా మా ఆయనే నేర్పించాడు, ఎవరు వస్తున్నారు, ఆగు అని. కానీ అది మగగొంతు. నోరు తెరిచింది నేనే. గొంతు ఎవరిదో... ఇప్పటికీ చెప్పలేను.

ముగ్గురూ గోతాలు పడేసి పరుగో పరుగు! బండి, ఎద్దులు అక్కడే. నేను కుప్ప మీద కూలబడ్డాను. అవతలి బూట్లు మాత్రం తెల్లవారేదాకా నడుస్తూనే ఉన్నాయి. ఇరవై అటు, ఇరవై ఇటు. చెబితే నమ్మరు, ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను.

పొద్దున లేచి చూస్తే వామి మొదట్లో రెండో గిన్నె ఖాళీ. కడిగినట్టు శుభ్రంగా, బోర్లించి ఉంది. కుక్క తిన్నా గిన్నె బోర్లా పడొచ్చు. పడొచ్చు కదా?

సరే, ఆలోచిస్తూ కూర్చుంటే కాయ ఇల్లు చేరదు. అత్తనూ ఇద్దరు కూలీలనూ పిలిచి, దొంగల గోతాల్లోనే నా కాయ నింపించాను. దొంగల బండికే ఎత్తించాను. ఆ కోటు, ఆ బూట్లతోనే బండి మీద నిలబడి, ఎద్దుల్ని నేనే తోలుకుంటూ ఊరి నడివీధిలోంచి వచ్చాను. పిల్లలు కేకలు. అంగడాయన తక్కెడ వదిలేసి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నుంచి నేను మిలిటరీ తిప్పక్కను. అంత గర్వం నాకు పెళ్లిలో కూడా లేదు!

నాలుగో రోజు పక్క ఊరి మనిషొకడు తల వంచుకుని వచ్చాడు.

"అమ్మా, నా ఎద్దులు తప్పిపోయినాయి. ఈడుండాయంట."

"బండితో సహా తప్పిపోయినాయా అప్పా?" అన్నాను.

వాడు అటూ ఇటూ చూశాడు. "మీ ఇంటాయన ఉండాడామ్మా? ఆ రెండో మిలిటరీ ఆయప్ప... పొడుగాయన... ఆయన పోయినాడా?"

అత్త చేతిలో చేట జారిపోయింది. నేను ఎద్దుల్ని విప్పి, బండితో సహా ఇచ్చేశాను.

నెలకు మా ఆయన దిగాడు. నిక్షేపంగా! మంచు పడి దారి మూసుకుపోయిందట, ఉత్తరాలన్నీ ఆగిపోయాయట. ఆయన్ని చూసి ఏడ్చాను, నవ్వాను, తిట్టాను. జరిగిందంతా చెబితే పగలబడి నవ్వాడు. చివర్లో అడిగాడు.

"మళ్లేటప్పుడు కాలు ఎన్ని దెబ్బలు కొట్టినావు?"

"ఒకటి. అవతలాయన రెండు కొట్టినాడు."

నవ్వు ఆగిపోయింది. "రెండే కొట్టాల మే. నువ్వే మర్చిపోయినావు" అన్నాడు. ఆ రాత్రి కళ్లం వైపు చూస్తూ చాలాసేపు వాకిట్లో నిలబడ్డాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ విత్తనమే మరుసటి ఏడు వేశాం. ఆ చేను మా చేతిలో బీడు పడిందే లేదు. ఇప్పుడు దాని నిండా సోలార్ పలకలు. మా ఆయన పెన్షన్ తీసుకుంటూ ఇంట్లో గురక పెడుతున్నాడు. మొన్న అక్కడ రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ అబ్బాయి ఇంటికొచ్చాడు.

"అవ్వా, రాత్రిపూట పలకల నడుమ బూట్ల సద్దు వస్తా ఉండాది. ముందు ఈడ ఎవురన్నా మిలిటరీవాళ్లు కావలి కాసినారా?"

"కాసినామప్పా, ఇద్దురం. ఒకరు నేనే."

"రెండో ఆయన ఎవురవ్వా?"

తెలిస్తే చెప్పనా? లోపలికి పోయి, రెండు ముద్దలు కట్టి తెచ్చాను.

"ఒకటి నువ్వు తిను. రెండోది ఆడ పెట్టి రా" అన్నాను.