అర నిమిషం ఆలస్యంగా సదర్

నాకు ఫికర్ ఎక్కువ. పాలు పొంగుతాయేమోనని కాగకముందే స్టవ్ ఆర్పేసే రకాన్ని. తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి తాళం లాగి చూస్తాను. మా బాపు దీనిమీద ఎన్ని పరాచికాలాడతాడో లెక్కలేదు. నాకు ఆఫీసులో జీతమిచ్చేది ఫికర్ చేయడానికేనని ఆయన నమ్మకం.

అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. సంతోష్‌నగర్‌లో అత్తవారింట్లో ఉంటూ నేను చేసే ఉద్యోగం ఒక చిన్న కంపెనీకి శిక్షణ వీడియోలు సిద్ధం చేయడం. వీడియో సైజు తగ్గించడానికి, రికార్డు చేయడానికి, నెట్‌లో నేరుగా చూపించడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటి వాడతాం. దానికి బటన్లుండవు. నల్లటి తెరమీద రెండు మూడు వరుసల ఆదేశం టైపు చేయాలి. మధ్యలో ఒక చిన్న గీత మరిచిపోతే మొండికేస్తుంది, ఎందుకు మొండికేసిందో చెప్పే తీరు తిట్టినట్టే ఉంటుంది. రోజూ ఆ తిట్లు పడలేక, ఆ ఆదేశాలన్నీ ఒక ఫైల్లో పెట్టి స్క్రిప్టు రాసుకున్నాను. ఇప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో మూడు తెలుగు మాటలు చాలు. ‘రాయి’ అని కొడితే రికార్డు చేస్తుంది, ‘కుదించు’ అంటే సైజు తగ్గిస్తుంది, ‘చూపు’ అంటే కెమెరాలో కనబడేదాన్ని నెట్‌లోకి పంపిస్తుంది. ఆఫీసులో మొదట నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత తమకూ ఒక కాపీ ఇవ్వమన్నారు.

ఆ ‘చూపు’తో మా ఇంటికి పని పడుతుందని మాత్రం అనుకోలేదు.

మా పుట్టింటివాళ్లది పాల వ్యాపారం. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసే షెడ్ల వెనక మా బర్రెల కొట్టం. దబీర్‌పురా హోటళ్లకు మా బాపు తెల్లవారకముందే పాలు పోసి వచ్చేవాడు. బర్రెలు బతుకుదెరువు, దున్నపోతు మాత్రం మా ఇంటి పరువు. దీపావళి తర్వాత వచ్చే సదర్ పండుగకు దానికి నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడలో గవ్వల పట్టెడ కట్టి ఊరేగిస్తాం. చౌరస్తాలో అది ముందుకాళ్లు లేపి నిలబడాలి. అది మా బాపు పిలిస్తేనే లేస్తుంది. ఆయన దాన్ని పేరుతో పిలవడు. నన్ను పిలిచినట్టే బిడ్డా అంటాడు.

పోయిన సదర్‌కు కొన్ని వారాల ముందు బాపు కొట్టంలో పేడ కడుగుతూ జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. డాక్టర్లు ఆపరేషన్ చేసి, తాము చెప్పేదాకా మంచం దిగొద్దన్నారు, ఇంకోసారి పడితే అతకడం కష్టమని కూడా చెప్పారు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. బాపు చెవిలో పడినట్టే లేదు. దున్న వెంట తానే పోతానని పట్టుబట్టాడు. తమ్ముడు పగ్గం పడతాడని, టీవీలో మొత్తం చూపిస్తామని నేను మాటిస్తే, చాలాసేపు అలిగి, చివరికి ఒక షరతు పెట్టాడు.

"టీవీల బొమ్మ ఆగిందనుకో, నేనే లేచొస్త. ఎవ్వలు వట్టినా ఆగ."

ఆయన అన్నాడంటే చేస్తాడు. అమ్మ బక్కపలచని మనిషి, ఆయనను పట్టి ఆపలేదు. అంటే ఇక బొమ్మ ఆగకూడదు.

అప్పటినుంచి నాకు నిద్ర పట్టలేదు. పండుగనాడు అంత జనంలో అందరూ ఫోన్లు ఎత్తితే నెట్ సతాయిస్తుంది. అందుకని స్క్రిప్టులో ఒక ఏర్పాటు చేశాను. బొమ్మ ఎప్పటికప్పుడు టీవీలోకి పోకుండా, ముందు కొంత పోగై, అప్పుడు మొదలవుతుంది. నల్లా రాని రోజుకు పైన ట్యాంకులో నీళ్లు నింపి పెట్టుకున్నట్టు. నెట్ కాసేపు పోయినా పోగైన బొమ్మ నడుస్తూ ఉంటుంది. కాకపోతే బాపు చూసేది అర నిమిషం కిందటిది అవుతుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు ఆయన అది వెంటనే పట్టేశాడు. వాకిట్లో తమ్ముడు తుమ్మిన తుమ్ము టీవీలో తర్వాత వినబడితే, నా కంపూటర్ పాసిపోయిన ముచ్చట్లు చెప్తుందని ఎక్కిరించాడు. ఎక్కిరించనీ, మంచం మీద ఉంటే చాలనుకున్నాను.

పండుగ సాయంత్రం పెద్ద స్పీకర్లు కట్టిన ట్రాలీ మీద, మైకు నడిపించే భాయ్ పక్కన కూర్చున్నాను. అక్కడైతే జనరేటర్ కరెంటు దొరుకుతుంది. ట్రాలీ ముందు పోతుంటే వెనక దున్న వస్తుంది, కెమెరా దానివైపు తిప్పి పెట్టాను. ఒక ఫోను నెట్‌కు, ఇంకొకటి అమ్మతో మాట్లాడడానికి. ల్యాప్‌టాప్ మీద ఒక మూల చిన్న కిటికీలో, బాపు టీవీలో ఏం చూస్తున్నాడో అది తెరిచి ఉంచుకున్నాను. ‘చూపు’ అని కొట్టేముందు చేతులు చెమట పట్టి చున్నీకి తుడుచుకున్నాను.

చాలాసేపు అంతా మంచిగానే నడిచింది. స్పీకర్లలో తీన్మార్ పాట మోగుతోంది. రెండుసార్లు నెట్ పోయి వచ్చింది, బొమ్మ ఆగలేదు. టీవీలో మంచిగా కనబడుతోందని అమ్మ చెప్పింది. పగ్గం వదులుగా పట్టాడని బాపు తమ్ముణ్ని తిడుతున్నాడట. నేను ఊపిరి పీల్చుకున్నాను. నేను ఊపిరి పీల్చుకున్నప్పుడే ఏదో ఒకటి అవుతుందని నాకు తెలియనిది కాదు.

మా ఇంటికి దూరంగా, ఇంకో వీధిలో ఉన్న విగ్రహాల షెడ్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో పటాకుల లడీ ముట్టించి దున్న కాళ్ల పక్కనే వేశారు. అది ఒక్కసారి ఎగిరి పక్కకు తిరిగింది. పగ్గం తమ్ముడి అరచేతులు ఒరుసుకుంటూ జారిపోయింది. జనం గోడలకు, మెట్లమీదికి ఎగబాకారు. షెడ్డు ముందు మిగిలిపోయిన వెదురు చట్రాలు దాని కొమ్ము తగిలి విరిగాయి. ఒకావిడ పిల్లను ఎత్తుకుని ఆ షెడ్డు మూలలోనే ఇరుక్కుపోయింది. దున్న ఆమెకూ జనానికీ మధ్య నిలబడి, తల ఊపుతూ బుసకొడుతోంది.

ల్యాప్‌టాప్ మీద చిన్న కిటికీలో తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పగ్గం చేతిలోనే ఉంది.

 బాపు ఇంకా చూడలేదు. అర నిమిషంలో చూస్తాడు. నా వేలు ఆపే మీట మీదికి పోయింది. ఆపితే బొమ్మ ఆగుతుంది, బాపు లేస్తాడు. ఆపకపోతే ఇదంతా చూస్తాడు, అప్పుడూ లేస్తాడు. ఎటు చూసినా ఆయన కింద పడటమే కనబడింది.

మీట మీంచి వేలు తీసేసి, మైకు భాయ్‌తో పాట బంద్ చేయమని చెప్పి మైకు లాక్కున్నాను. ఫోన్లో అమ్మను స్పీకర్ పెట్టమన్నాను.

"బాపూ, లేవకు. దున్న బెదిరింది, పగ్గం తమ్ముని చేతిల లేదు. నీకింకా కనవడలే. నువ్వు పిలువు, మైకుల ఇనవడ్తది."

ఆయన ముందు టీవీలో దున్న బుద్ధిగా నడుస్తోంది. నేను చెప్తున్నదానికి ఆయన కళ్ల ముందు ఏ సాక్ష్యమూ లేదు. అయినా ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోనును మైకు దగ్గర పెట్టాను. ఆ పెద్ద స్పీకర్లలోంచి, పొద్దున్నే కొట్టంలో వినబడే గొంతు వచ్చింది.

"ఆగు బిడ్డా. నేనున్న. ఆగు."

మళ్లీ అదే అన్నాడు. మళ్లీ అదే. దున్న చెవులు తిప్పింది. తల ఊపడం తగ్గింది. తీన్మార్ ఆగినందుకే అది నెమ్మదించిందని తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు, కావచ్చు. ఏదైతేనేం, వాడు మెల్లగా పోయి తోలు లేచిన చేత్తోనే పగ్గం అందుకున్నాడు. ఆ తల్లి పిల్లతో బయటికి వచ్చింది. నేను మాత్రం ఫోను మైకు దగ్గర్నుంచి తీసి చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఇంట్లో టీవీలో లడీ పేలడం అప్పుడే మొదలైంది.

తర్వాతి సంగతి అమ్మ చెప్పింది. టీవీలో దున్న ఎగరగానే, చెప్పి ఉంచినా సరే, బాపు మంచం పట్టె పట్టుకుని లేవబోయాడట. నడుము పైకి వచ్చిందట, ఒక కాలు కిందికి జారిందట. అమ్మ రెండు చేతులతో ఆయన భుజాన్ని పట్టుకున్నా ఆయన ఆగలేదట. అప్పుడు టీవీలోంచి ఆయన గొంతే వచ్చింది. ఆగు బిడ్డా, నేనున్న, ఆగు. బాపు అట్లాగే ఆగిపోయాడట. దున్న నిలబడేదాకా చూసి, కాలు తానే పైకి తీసుకుని పడుకున్నాడట.

చౌరస్తాలో ఆ ఏడాది దున్న ముందుకాళ్లు లేపలేదు. లేపమని ఎవరూ అడగలేదు.

మరునాడు బాపు మంచం పక్కన ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఆ అర నిమిషం నా ప్రాణం తీసింది, దాన్ని రెండు సెకన్లకు తేవాలని పట్టుదల. కెమెరాలు రెండు పెట్టొచ్చు, ఆయన గొంతు ఎప్పుడూ మైకులోకి పోయేలా చేయొచ్చు, మంచం మీంచే సదర్ మొత్తం నడిపించొచ్చు. ఉత్సాహంగా చెప్పుకుంటూ పోతున్నాను. బాపు గోడవైపు చూస్తూ వింటున్నాడు. అప్పుడు నావైపు తిరిగాడు. ఆ ముఖంలో ఎక్కిరింపు లేదు. మా ఇంట్లో ఫికర్ నాకొక్కదానికే ఉందనుకున్నాను అన్నేళ్లూ.

"దాన్ని ఇంక మంచిగ చెయ్యకు బిడ్డా. అది గంత మంచిగుంటే వచ్చే ఏడు గూడ నన్ను గీడనే పండవెడ్తరు."

నాకు ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇప్పుడు బాపు పొద్దున వాకర్ పట్టుకుని కొట్టందాకా నడుస్తున్నాడు. నేను వచ్చిన రోజుల్లో వెనకాలే పోతాను, నేల తడిగా ఉందేమోనని చూసుకుంటూ. ఆయన అడుగుల చప్పుడు వినబడగానే దున్న లేచి నిలబడుతుంది. స్క్రిప్టులో ఆ అర నిమిషం అట్లాగే ఉంది, నేను ముట్టుకోలేదు.