ముందు నాకు పెట్టప్పా

నా చిన్నప్పుడు ఊరందరికీ కన్ను కొట్టిన ఘనత నాది. ఎడమ కన్ను దానంతటదే మూసుకొనేది, వెంటనే భుజం ఎగిరేది, గొంతులోంచి పిల్లి తుమ్మినట్టు ఒక చప్పుడు వచ్చేది. బిగబట్టుకొంటే కాసేపు ఆగి, ఆగినదంతా ఒక్కసారే బయటపడేది. ఎనిమిదేళ్ళకే లెక్కల అయ్యవారికి కూడా కన్ను కొట్టి, ఆయన లెక్క తప్పించాను.

నవ్వులు ఎక్కువ రోజులు నిలవలేదు. మా ఊరు ఓర్వకల్లు దగ్గర. అక్కడి రాళ్ళగుట్టల్లో మేకల వెంట పోయినప్పుడు నాకు గాలి సోకిందని మా అవ్వ తేల్చింది. మా మేనత్త కూడా చిన్నతనంలో ఇట్లాగే ఎగిరిపడేదట. ఆమెకు వాత పెట్టించారు. పుండు చీము పట్టి, జ్వరంతో పోయింది. వాత ఆలస్యంగా పెట్టినందుకే బిడ్డ దక్కలేదని అవ్వ నమ్మకం. అందుకే నా విషయంలో ఆలస్యం చేయదలచుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున వాతలు పెట్టే ఆయన వచ్చాడు. వాకిట్లో పొయ్యి రాజేసి, కొడవలి మొన నిప్పుల్లో దూర్చాడు. అమ్మ నా చేతులు పట్టుకొంది. మొన ఎర్రబడింది.

అప్పుడు మా తాత బయటికి వచ్చాడు. తాత పెద్ద భక్తుడని పేరు. గడప దాటే ముందు దాన్ని మూడుసార్లు తాకేవాడు. లెక్క తప్పితే వెనక్కి వెళ్ళి మళ్ళీ తాకేవాడు. మంత్రాలయం పోయివచ్చాక ఆ భక్తి ముదిరిందని అనుకొనేవారు. ఆ రోజూ తాకి వచ్చి, నా పక్కన కూర్చొని, కుడి అరచెయ్యి చాపాడు.

"ముందు నాకు పెట్టప్పా."

"నీకేమొచ్చె పెద్దాయనా? ఎగతాళా?"

"గడప ముట్టేది భక్తి గాదప్పా. ముట్టకుంటే పానం నిలబడదు. మా నాయనకూ ఉండె. పాపకు గుట్టల్లో సోకిందంటాండారే, మరి నాకు యాడ సోకింది? ఇది మా ఇంట్లోదే."

"నలుగుర్లో పరువు తీస్తాండావే!" అంది అవ్వ.

"పోతే పోనీలే. నాకు తగ్గితే రేపు పాపకు పెట్టు. తగ్గకుంటే ఆ కొడవలి గడ్డి కోసేదానికి ఎత్తిపెట్టు."

ఆ చప్పుడు, ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుసు. తాత అరవలేదు.

మర్నాడు పొద్దున మేమంతా గడప వైపే చూస్తున్నాం. తాత గుడ్డ చుట్టిన చేత్తో ఒకసారి తాకాడు. రెండోసారి తాకాడు. మూడోసారికి గుడ్డ తడిసింది. అవ్వ ఆ గుడ్డ చూసి, కొడవలి తీసుకెళ్ళి చూరులో దోపింది. ఆ తర్వాత గాలి మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా కూతురి కొడుక్కు ఆరేళ్ళు. మెడ విదిలిస్తాడు, క్షణం కుదురుగా ఉండడు. కర్నూలులో డాక్టరమ్మ దాన్ని టూరెట్ అంది. ఏదో ఒక్క జన్యువు చేసే పని కాదట, చాలా చిన్నచిన్నవి కలిసి చేస్తాయట. ఒకే వంశంలో ఒకరికి కన్ను అదిరితే, ఇంకొకరికి తాకిందే తాకాలనిపిస్తుందట, మరొకరికి కుదురుండదట. వచ్చి తీరాలనీ లేదు, రాదనీ లేదు. నా కూతురు తాళం వేసి నాలుగుసార్లు లాగి చూస్తే జాగ్రత్తపరురాలని మెచ్చుకొనేదాన్ని. పొలాల పంపకంలో నాకేమీ రాలేదు గానీ, సర్వే నెంబరు లేని ఈ ఆస్తి మాత్రం చక్కగా చేతులు మారింది.

నిన్న రాయచోటి నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేసింది. "శుక్రవారం ఒగాయన వస్తాండాడు వదినా. చిన్న వాతే, ఏం గాదులే." డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. "మా ఇంట్లో ఇట్లాంటివి ల్యావు వదినా, యాడనో సోకింది" అంది.

వాళ్ళింట్లో లేవు మరి, ఉన్నది మా ఇంట్లో. పెద్దయ్యాక నా భుజం, గొంతు కుదురుకొన్నా కన్ను మాత్రం ఆగలేదు. కూతురి పెళ్ళి చెడుతుందన్న భయంతో, ఎండ పడదని చెప్పి, ఇన్నేళ్ళూ నల్లద్దాల వెనక కన్ను కొట్టుకొంటూ బతికినదాన్ని నేనే.

రేపే శుక్రవారం. అద్దాలు ఇక్కడే వదిలి పొద్దున్నే బస్సెక్కుతాను. తాత అరచేతిలో ఆ మచ్చ చివరిదాకా పోలేదు. నా చెయ్యి మాత్రం ఆయన పుణ్యాన ఇంతకాలం నున్నగా ఉంది. ఆ పొయ్యి ముందు కూర్చొని దాన్నే చాపుతాను.