బస్సు ఎక్కనివాళ్ళ లెక్క

ఎలీసమ్మది కోటబొమ్మాళి. పదకొండేళ్ళుగా రాజాంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తోంది. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడ రాజాం బస్సు అందుకోవాలి. కానీ బస్సు ఏడున్నరకే కదిలిపోయేది. రైలు ఏడూ నలభైకి గాని వచ్చేది కాదు. ఇక ఆటోయే దిక్కు. అది పదిమందిని కుక్కుకుని, ఊరూరా ఆగుతూ వెళ్ళేసరికి డ్యూటీ టైము దాటిపోయేది.

ఒకసారి ఆమదాలవలసలో చెల్లెలింట్లో ఉండిపోయి, మర్నాడు ఆ బస్సెక్కింది. సీట్లన్నీ ఖాళీ.

"ఈ ట్రిప్పు తీసేత్తారట అప్పా. జనం లేరని టిక్కెట్ల మెషీన్ సెప్తన్నాది" అన్నాడు కండక్టరు లక్ష్ముడు.

"జనం లేకపోడమేటి తమ్ముడూ? మేవందరం టేసన్లో దిగతన్నాం కదా."

"టిక్కెట్టు కొన్నోలే మెషీన్లో పడతారు. ఎక్కనోలు దానికెలా తెలుస్తారు?"

ఆ మాట ఎలీసమ్మని వదల్లేదు. మర్నాటి నుంచి స్టేషను బయట నిలబడి, రైలు దిగినవాళ్ళలో రాజాం వైపు వెళ్ళేదెవరో అడిగి, కూతురి పాత నోటుబుక్కులో గీతలు పెట్టింది. కొందరు విసుక్కున్నారు. మొదటి ఆటో వదులుకోవడంతో ఆసుపత్రికి మరింత ఆలస్యమై, రెండుసార్లు చీవాట్లు తింది. ఇరవై నాలుగు రోజులు రాసింది. ఏ రోజూ ముప్పైమందికి తగ్గలేదు.

లక్ష్ముడే ఆమెను డిపో మేనేజరు పద్మకుమారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి, కంప్యూటర్లో టిక్కెట్ల వివరాలు తెరిచి పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇన్నాళ్ళూ మేము ఎక్కినోళ్ళనే సూసేమమ్మా" అంది.

తన మనిషిని పంపి వారంపాటు మళ్ళీ లెక్క పెట్టించింది. సరిపోయింది. బస్సు ఏడూ యాభై అయిదుకి మారింది.

మొదటి రోజే నలభై ఒక్కమంది ఎక్కారు. రోజూ అదే రైలు దిగే కూరగాయల జగ్గమ్మ తన పక్కన చోటిచ్చి, "నీ పున్నెమేనే" అంటూ ఎలీసమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఎలీసమ్మ పదకొండేళ్ళలో మొదటిసారి కోటబొమ్మాళి నుంచి వచ్చి కూడా డ్యూటీకి పావుగంట ముందు చేరింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ ఆమె లేచి నిలబడింది.

"పద్మకుమారిగారి కోసం, లక్ష్ముడి కోసం ప్రార్థన సెయ్యండి అయ్యగారూ."

"వాళ్ళకేమైనా జబ్బా?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"కాదండి. మేలు సేసినోలు."

అయ్యగారు ఆ రెండు పేర్లూ పలికారు. ఎలీసమ్మ కళ్ళు మూసుకుని, అందరికంటే ముందు ఆమెన్ అంది.