లక్క సీలు వేసిన లీవర్లు

1962లో ముదిగుబ్బ దగ్గర ఒక కొండ దిగేటప్పుడు జరిగిన సంగతిది. నేను రాయకపోతే ఆఫీసు ఫైల్లో ఇంగ్లీషులో ఉన్న ఒక్క వాక్యమే నిజమై మిగిలిపోతుంది: "డ్రైవరు మస్తాన్ అనుమతి లేకుండా సీలు తెంచాడు, వాహనానికి నష్టం లేదు." వాహనానికి నష్టం లేదట! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కరువు పనుల కింద బావులు తవ్వించే ఒక ఆఫీసులో నేను జీపు నడిపేవాణ్ణి. ఆ జీపులో మామూలు గేరు పక్కన ఇంకా రెండు చిన్న లీవర్లు ఉండేవి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలాన్ని అందిస్తుంది. అదే ఫోర్ వీల్ డ్రైవ్. రెండోది లో రేంజ్. అది వేస్తే బండి నడక నత్తది, పట్టు మాత్రం ఎద్దుది. ఇవి వాడితే పెట్రోలు ఎక్కువ తాగుతుందని రెండింటినీ కలిపి తీగతో కట్టి, లక్క పోసి సీలు వేశారు. పైగా దిగుడు వస్తే న్యూట్రల్‌లో పెట్టి దొర్లించాలని ఆర్డరు. ఏళ్ల తరబడి వాన చూడని నేల. ఎండిన రోడ్డు మీద ఏం చేసినా చెల్లిపోయింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా అనంతపురం లైబ్రరీలో సైన్యం డ్రైవర్ల కోసం రాసిన పుస్తకం ఒకటి దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. జారే దిగుడులో బ్రేకు తొక్కితే చక్రం తిరగడం ఆగిపోతుంది. తిరగని చక్రం సబ్బుబిళ్లలా జారుతుంది. లో రేంజ్‌లో మొదటి గేరు వేసి, క్లచ్చు, బ్రేకు రెండూ వదిలేస్తే ఇంజనే నాలుగు చక్రాలనూ బిగపట్టి మెల్లగా దించుతుంది. దీన్ని ఇంజన్ బ్రేకింగ్ అంటారు. ఆఫీసులో చెబితే నవ్వారు. "ఏమప్పా, బుక్కు చూసి బండి నేర్చుకున్నోడివి జిల్లాలో నువ్వొక్కడివే" అన్నారు.

ఆ ఏడు అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. కొండ మీది పల్లెలో బావి చూడడానికి, పనుల మీద అజమాయిషీ చేసే ఓవర్‌సీరును తీసుకెళ్లాను. తిరిగి బయలుదేరుతుంటే గంగమ్మ అనే కూలి మనిషి జీపుకు అడ్డంగా నిలబడింది. ఆమె కూతురు మారెమ్మకు తొలి కాన్పు. ముందు రోజు నుంచి నొప్పులు పడుతోంది, బిడ్డ బయటికి రావడం లేదు. కదిరి ఆస్పత్రికి చేర్చాలి.

మారెమ్మను వెనక పడుకోబెట్టాం. గంగమ్మ, బావి తవ్వే కుళ్లాయప్ప ఆమె పక్కన కూర్చున్నారు. ఎదురుగా ఎర్రమట్టి దిగుడు నూనె పూసినట్టు మెరుస్తోంది. నేను స్పానరు తీశాను.

"సీలు జోలికి పోవద్దు" అన్నాడు ఓవర్‌సీరు. "తెగితే జవాబు చెప్పాల్సింది నేను. న్యూట్రల్ చేసి బ్రేకు మింద దించు."

"జారుతాది సార్."

"ఎన్నేండ్ల నుంచి దిగుతాండావప్పా ఈ కొండ? ఈ పొద్దే జారుతాదా?"

తెలిసి తెలిసి స్పానరు కింద పెట్టాను. నా కోపంలో సగం ఆయన మీద. మిగతా సగం నా ఆ చెయ్యి మీద.

మొదటి మలుపులోనే బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. వెనక భాగం గిర్రున తిరిగి కొండ వైపు కాలువలో కూలబడింది. అటువైపు తిరిగి ఉంటే లోయే. మారెమ్మ అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. గంగమ్మ కిందికి దూకి ఓవర్‌సీరు ముందుకొచ్చింది.

"ఏమయ్యా, నీ లక్క ముద్ద పెద్దదా, నా బిడ్డ పానం పెద్దదా?"

"రూలమ్మా, నేనేం చేసేది?"

"నీ రూలును పండబెట్టుకో ఈడ! అన్నా మస్తానూ, పగలగొట్టు దాన్ని!"

ఒక్క దెబ్బకు పగలగొట్టాను. కుళ్లాయప్ప, గంగమ్మ పక్కనున్న బందారు పొదల కొమ్మలు విరిచి చక్రాల కింద పరిచారు. బురద తవ్వి బండిని పైకి తీసేసరికి గంట పట్టింది. తర్వాత లో రేంజ్, మొదటి గేరు. కాళ్లు రెండూ పెడళ్ల మీంచి తీసేశాను. ఇంజను గుర్రుమంటూ బండిని అడుగడుగూ దించింది. ఒకచోట వెనక భాగం జారితే, స్టీరింగు జారిన వైపుకే తిప్పి యాక్సిలేటరు కొంచెం తాకించాను. పుస్తకంలో రాసినట్టే సర్దుకుంది.

కదిరిలో డాక్టరమ్మ మారెమ్మను బతికించింది. బిడ్డ దక్కలేదు. "ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే..." అంది చేతులు కడుక్కుంటూ. ఆ గంట ఏ కాలువలో పోయిందో నాకు తెలుసు.

వారంలో మెమో వచ్చింది. లీవర్లకు మళ్లీ లక్క పోశారు. వాళ్లు చూస్తుండగానే దాన్ని పగలగొట్టాను. నన్ను షెడ్డులో బండ్లు కడగడానికి వేశారు. ఆరు నెలలు కడిగాను. కడిగిన ప్రతి జీపుకూ సీలు తీసేశాను.

తెలిసిన పనికి, తెలియనివాడి అనుమతి కోసం చెయ్యి ఆపకూడదు. నేను నేర్చుకున్నది ఇదే, అదీ ఆలస్యంగా.

డిక్షనరీ ఇంటికి పంపిన లైబ్రేరియన్ ఆనందరావు గారికి, బురదలో నడుం విరిగేలా తవ్విన కుళ్లాయప్పకు, నాకు లేని తెగువ చూపిన గంగమ్మకు, ఆ తర్వాత ఎక్కడ కనిపించినా "అన్నా" అని పలకరించిన మారెమ్మకు నా వందనాలు. ఓవర్‌సీరు పేరు కావాలనే రాయలేదు. ఇంకొక పేరు రాయాలని ఉన్నా రాయలేను. ఆ బిడ్డను పేరు పెట్టేదాకా మేం తీసుకురాలేకపోయాం.