ముసలిదాన్ని బండెక్కించిన రోజు

నిలువెత్తు మనిషిని ఇంట్లో వదిలేసి, ఆవకాయ జాడీని తుపాను నుంచి కాపాడిన ఘనురాలిని నేను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

అరవైల చివరి మాట. కళింగపట్నం పక్క పల్లెకు కొత్తగా కాపురానికి వెళ్లాను. ఇంట్లో మా అత్త, మా ఆయన, మా అత్తకు అత్త అయిన మామ్మ. మామ్మకు కళ్లు సరిగా ఆనవు, గోడ పట్టుకుని నడుస్తుంది. వంటింటి మూల ఇంకో పెద్దరికం కూడా ఉండేది. మామ్మ పెళ్లికి ఆమెతో పాటు వచ్చిన ఆవకాయ జాడీ. చతికిలబడ్డ మనిషంత ఉంటుంది. ఇంటిల్లిపాదీ దాన్ని 'ముసలిది' అనేవారు. "ముసలిదాన్ని తడిసేత్తో ముట్టుకోకే!" అన్నదే మా అత్త నాకు చెప్పిన మొదటి బుద్ధి.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం వీధిలో టముకు వేశారు. "గాలివానొస్తన్నాది! ముసలోల్లనీ పిల్లల్నీ రైసుమిల్లుకి సేర్సండి!"

మా అత్త బియ్యం మూట నెత్తికెత్తుకుని, మిల్లులో జాగా పట్టడానికి పరుగెడుతూ కేకేసింది. "ఒసే కోడలా! ముందు ముసలిదాన్ని బొంతలో సుట్టి బండెక్కించు. తడి తగిల్తే మరి మనకి దక్కదు!"

మీరే చెప్పండి, ఆ మాట జాడీకి సరిపోలేదా?

మామ్మ మంచం ఖాళీగా ఉంది. అత్తే వెంట తీసుకుపోయిందనుకున్నాను. జాడీకి మామ్మ బొంతే చుట్టాను. తాడు బిగించాను. మూతలోకి చినుకు పోకుండా పైన తువ్వాలు ముసుగేశాను. అప్పటికి సగం ఖాళీ గనుక ఎత్తగలిగాను.

మా ఆయన ఎడ్లను తోలుకొచ్చాడు. "ముసల్ది ఎక్కినాదేటి?"

"ఎక్కించీసినాను."

దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి ఒకటే పలకరింపు. "గతుకొస్తన్నాది, గట్టిగా పట్టుకో! బయ్యం నేదు, నానున్నాను!" పెళ్లయ్యాక ఆయన అంత ముద్దుగా మాట్లాడటం అదే మొదలు. నాతోనే అనుకుని సిగ్గుతో తల వంచుకున్నాను.

మిల్లులో మా అత్త ఎదురొచ్చి బొంతలోకి చెయ్యి దూర్చింది. "అత్తా, సలేస్తన్నాదా? అత్తా!" చెయ్యి లాక్కుని గుండె బాదుకుంది. "ఓరి నాయినోయ్! సల్లగైపోనాదిరా! కొయ్యబారిపోనాదిరా!"

మిల్లంతా ఏడుపు లంకించుకుంది. ఊరగాయ చల్లబడితే ఇంతమంది ఏడవాలా అని నేను నోరు తెరుచుకు చూస్తున్నాను. ఎవరో ముసుగు లాగారు. ఆవపిండి ఘాటు గుప్పుమంది. ఏడుపులు టక్కున ఆగాయి.

"ఇదేటే?"

"ముసలిది, అత్తా."

"మరి మా అత్తేదే?"

"మీతో రానేదా?"

మా ఆయన అప్పటికే వానలో పరుగు. వెనక నేను. తాటికమ్మలు గాలిపటాల్లా ఎగురుతున్నాయి. మా ఇంటి కప్పు ఒక పక్క లేచిపోయింది. ఇక మామ్మ లేదనుకుంటూనే గుమ్మంలోంచి కేకేశాను.

వంటింట్లోంచి గొంతు వినిపించింది. తడిసి ముద్దయి, నేలంతా తడుముతోంది మామ్మ!

"వచ్చినావురా? దూడ పలుపు ఇప్పీసి వచ్చేసరికి ముసలిదాన్ని ఏ దొంగెదవో ఎత్తుకుపోనాడు! అది నేకుండా నాను కదల్ను!"

"దొంగని నానే మామ్మా! మిల్లుకి సేర్సీసినాను!" అని బావురుమన్నాను.

"ముందే సెప్పొద్దేటే?" అంటూ మనవడి వీపెక్కింది. వెనక దూలం ఫెళ్లున కూలింది.

మిల్లులో మామ్మ జాడీని కావలించుకుని అందరికీ వినబడేలా అంది. "నన్నొగ్గీసినా దీన్నొగ్గనేదు. కోడలంటే ఇదీ!"

మా అత్త చూసిన చూపుకు నేనే ఊరగాయ ముక్కలా ముడుచుకుపోయాను. అక్కడే జాడీ మీద చెయ్యి వేసి ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఏ ముసలిదాన్ని బొంతలో చుట్టినా ముందు పిలుస్తాను, పలికితేనే బండెక్కిస్తాను.

ఇప్పుడా ముసలిదాన్ని నేనే. మబ్బు పట్టి, మా కోడలి చేతిలో బొంత కనబడిందా, పిలవకముందే అరుస్తాను. "ఒసే, పలుకుతన్నానే!"