అత్తా అని పిలవని వార్డు

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకూడదని పెద్దలంటారు గాని, ఈమధ్య నా విషయంలో మోకాలికీ జడకీ ముడిపడింది. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో నా కుడి మోకాలు తీసేసి కొత్తది పెట్టారు. పాతవి తీసి కొత్తవి పెట్టించుకోవడం ఇంటి కిటికీలకే చెల్లుతుందనుకునేదాన్ని, మనుషులకీ వచ్చింది. ఆపరేషనయ్యాక ఒకనాటి ఉదయం కొత్తగా చేరిన నర్సుపిల్ల ఒకతె, పార్వతీపురం వైపు నుంచి వచ్చిందట, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తలగడ మీద ఉండచుట్టుకుపోయిన నా జుట్టు విప్పి దువ్వెన పెట్టింది. నేను ఉలిక్కిపడి, అది నీ పని కాదమ్మా, ఆయాని పిలు అనేశాను. ఆ పిల్ల దువ్వెన ఆపి, "ఆయా అంటే ఎవరండీ మామ్మగారూ?" అంది.

జీవితమంతా నర్సుగా చేసి రిటైరైనదాన్ని. సూదికి బెదరను, కత్తికి బెదరను. ఆ పిల్ల అమాయకంగా వేసిన ప్రశ్నకి మాత్రం కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో నర్సు ట్రైనింగు పూర్తిచేసిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, ఉద్యోగం రాలేదని కొన్నాళ్ళు దిగులుపడేవారు, వచ్చాక అంత దూరం ఎలా పంపుతామని మరికొన్నాళ్ళు దిగులుపడేవారు. నాకు ఉద్యోగం కలకత్తాలో వచ్చింది, అదీ మా మేనత్త పుణ్యమా అని. అత్త, అంటే మా నాన్న చెల్లెలు, పెళ్ళయి, కలకత్తాకి గంగ ఇవతలి ఒడ్డున ఉన్న టికియాపారా వచ్చేసి చాలా ఏళ్ళయింది. మావ రైల్వేలో కలాసీ. గంగకి అవతలి ఒడ్డున ఒక ఆస్పత్రిలో అత్త ఆయాగా పనిచేసేది. అక్కడ సిస్టర్లు కావాలంటున్నారని ఆవిడే కబురు పెట్టింది. ట్రంకు పెట్టె, హోల్డాలు, మాగాయ జాడీలతో నాన్న నన్ను తీసుకొచ్చి, అత్త ఒక్క గది ఇంట్లో దింపి, ఆ రాష్ట్రం గాలి ఎక్కడ అంటుకుంటుందో అన్నట్టు తిరుగు రైలెక్కేశాడు.

అత్త నన్ను చూసుకున్న మురిపెం చెప్పలేను. ఆ ఇళ్ళ లైన్లో ఇంటింటికీ తిప్పింది. అంతా శ్రీకాకుళం వైపు వాళ్ళే. "మా అన్న కూతురు. సిస్టరు! ఇంజీషను ఇచ్చీగల్దు, ఏటనుకున్నారో!" అని పరిచయం చేసేది. ఇంజక్షను ఇవ్వడం తప్ప నాకు మరేదీ సరిగా రాదని అప్పటికి ఆవిడకి తెలీదు. ఉన్న ఒక్క మంచం నాకిచ్చి, తను కింద చాప మీద పడుకుని, మావని వసారాలోకి పంపేసింది. కొత్త అల్లుడు వచ్చాడా ఏటి అని మావ సణిగితే, "అల్లుడైతే నీ మంచవే కాదు, పరుపు కూడా అడిగీవోడు, నోరుమూసుకో" అంది.

కాని మొదటిరోజు ఇద్దరం లాంచిలో గంగ దాటుతుండగా ఆ అత్తే నా చెయ్యి పట్టుకుని గట్టిగా చెప్పింది. వార్డులో నన్ను అత్తా అని పిలవకు. ఆయా మేనకోడలివని తెలిస్తే నిన్నెవరూ లెక్కచెయ్యరు, నీకు కావలసినదాన్నని తెలిస్తే తోటి ఆయాలు నన్ను బతకనివ్వరు. నేను సరేనన్నాను. ఎంత తొందరగా సరేనన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆవిడ ఇంకా కారణాలు చెబుతూనే ఉంది, నా తల అప్పటికే ఊగిపోయింది.

వార్డులో అడుగుపెట్టగానే అత్త ఎవరో, నేనెవరో అయిపోయేవాళ్ళం. ఇంట్లో ఒలే గుంటా అన్న మనిషి అక్కడ సిస్టర్ దీదీ అనేది. మహా అయితే తోటి ఆయాలతో మా దేశపు పిల్ల అని చెప్పుకునేది. మిగతా నర్సులు నన్ను మద్రాసీ అనేవారు. మద్రాసు నేను ఇవాళ్టికీ చూడలేదు. వాళ్ళ మాట నాకు అర్థమయ్యేది కాదు, నా మాటకి వాళ్ళు నవ్వేవారు. ట్రైనింగులో తెల్ల చీర కట్టుకోవడం నేర్పారు గాని, తెల్లబోవడం మాత్రం కలకత్తాలోనే నేర్చుకున్నాను.

మాట రానివాళ్ళకి చేతులే నోరు. అందుకని నేను చేతులతో మాట్లాడడం మొదలుపెట్టాను. అత్త అప్పట్లో ఒక బెంగాలీ ముసలావిడని చూసుకునేది. తుంటి విరిగి, కాలికి బరువులు కట్టి వేలాడదీస్తే, వారాల తరబడి వెల్లకిలా పడుకునే ఉండాల్సిన మనిషి. అందరితో పాటు నేనూ ఆవిడని, మనం పిన్నిగారూ అన్నట్టు, మాషీమా అనేదాన్ని. మాకు ట్రైనింగులో, రోగి జుట్టు నుంచి గోరు దాకా నర్సుదే బాధ్యత అని చెప్పి పంపారు. అంచేత నేను మాషీమా తల దువ్వి రెండు జడలు వేసేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని, బెడ్‌పాన్ పెట్టేదాన్ని, చేపముల్లు ఏరి అన్నం తినిపించేదాన్ని. పుట్టి బుద్ధెరిగి ముల్లు ఏరి ఎరగనిదాన్ని, ఆవిడే ఏరడం నేర్పి, ఆ తర్వాత తినేది. భారీ భాలో మేయే, చాలా మంచిపిల్ల, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అత్త గోడకి చేరబడి, నోట్లో పాన్‌తో, అంతా మురిపెంగా చూస్తూ ఉండేది.

ఆ ఆస్పత్రిలో పద్ధతి వేరని నాకెవరూ చెప్పలేదు. అక్కడ మందూ సూదీ కట్టూ నర్సుది, జుట్టు నుంచి గోరు దాకా ఆయాది. ఆ ఆయాని పెట్టుకునేదీ, కూలి ఇచ్చేదీ రోగి ఇంటివాళ్ళు. కాలు వేలాడుతున్నన్నాళ్ళూ మాషీమా అంటే మా అత్తకి పొయ్యి మీద గిన్నె. అది నాకు తట్టలేదు. పెట్టినవన్నీ తింటూ, ఆ గిన్నె ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు.

ఒక సాయంత్రం మాషీమా కొడుకు వచ్చి, వరండాలో అత్తతో ఏదో మాట్లాడి, తర్వాత నా దగ్గరికొచ్చి, చేతులు జోడించి సందేశ్ పెట్టె ఒకటి ఇచ్చాడు. నా ఆనందం చూడాలి! సొంత రాష్ట్రంలో ఎవరూ కాఫీ కూడా ఇవ్వని నాకు, పరాయి రాష్ట్రంలో మిఠాయి! నా డ్యూటీ దిగి ఇంటికెళ్ళేసరికి అత్త అన్నం వండుతోంది. పెట్టె తెరిచి ఆవిడ ముందు పెట్టి, చూడత్తా, మన మాషీమా కొడుకు నాకిచ్చాడు అన్నాను. అత్త ఒకటి నోట్లో వేసుకుంది. మెత్తగా ఉన్నాయే అంది. మిగతావి లైన్లో పిల్లలకి పంచమంది. మావ అత్త వంక ఒకసారి చూసి, వసారాలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను తయారయ్యాను గాని అత్త చాప మీద నుంచి లేవలేదు.

"ఏటత్తా, లాంచికి టైమైపోతంది, లేవవా?"

"నాను లెగిసి ఏటి సెయ్యాలే? ముసలమ్మకి తల నువ్వే దువ్వుతన్నావ్, ఒళ్ళు నువ్వే తుడుస్తన్నావ్, బువ్వ నువ్వే పెడతన్నావ్. ఆ బాబుకి కళ్ళు లేవేటి? సిస్టరుండగా ఆయా ఎందుకన్నాడు. నిజవే కదా!" అని నవ్వి, పక్కకి తిరిగి, "సందేశ్ మాత్రం బాగున్నాదే" అంది.

ఆ రోజు లాంచిలో ఒక్కదాన్నే గంగ దాటాను. చేతనైన బెంగాలీలో ఒక వాక్యం కట్టుకున్నాను. ఉనీ ఆమార్ పిషీమా, ఆవిడ నా మేనత్త. నాలుగు మాటలు కూడా లేవు. సాయంత్రం ఆ కొడుకు వచ్చినప్పుడు అది చెప్పేస్తే చాలు, మర్యాదస్తుడు, వెంటనే పిలుస్తాడు. లాంచి రేవు చేరేదాకా అదే వల్లించాను. వార్డుకెళ్ళగానే మేట్రన్ నర్సులందరినీ నిలబెట్టి, ఈ ఆంధ్రా పిల్లని చూసి నేర్చుకోండి అంది. అంతవరకూ నవ్వినవాళ్ళు నన్ను కొత్తగా చూశారు. నా వాక్యం గొంతులోకి దిగిపోయింది. చూసి నేర్చుకోవలసిన పిల్లకి ఆయా మేనత్త ఎలా అవుతుంది?

అంచేత మరో దారి పట్టాను. నేను చెయ్యడం మానేస్తే ఆయా అవసరం వాళ్ళకే తెలుస్తుంది కదా అనుకున్నాను. మధ్యాహ్నం మాషీమా పిలిచింది. నేను మందుల బీరువా దగ్గర నిలబడి, లెక్కపెట్టిన మాత్రలే మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ పిలిచింది, ఓ మా అని, ఓ మేయే అని. తర్వాత పిలవడం మానేసింది. ఆవిడ పిలిచినప్పటి కంటే మానేసినప్పుడు నాకు ఎక్కువ వినపడింది. దుప్పటి తడిసిందని తెలుసు. వెళ్ళలేదు. సందర్శకుల వేళ దాకా ఆవిడని ఆ తడిలోనే ఉంచాను.

కొడుకు వచ్చి, వంగి తల్లి నుదురు తాకి, ముఖం మార్చుకుని నా వైపు తిరిగాడు. ఆయా నేఇ, ఆయా లేదు, అన్నాను. కలకత్తాలో నేను తప్పులేకుండా పలికిన మొదటి బెంగాలీ వాక్యం అదే. పాపం ఆయన నాకే క్షమాపణ చెప్పుకున్నాడు, ఇంత పని మీ మీద పడేశానని. మర్నాటికల్లా అత్తని పిలిపించాడు.

అత్త వచ్చి మాషీమాని ఒత్తిగిలించి వీపు చూసింది. ఎర్రగా కమిలి ఉంది. మాషీమా నా మీద ఒక్క మాట చెప్పలేదు, పైగా ఆ పిల్లకి నిన్న పని ఎక్కువైంది అందట. అత్త వార్డు ఈ చివర నుంచి ఆ చివర ఉన్న నన్ను ఒక చూపు చూసింది. సాయంత్రం లాంచి కదలగానే నా వైపు తిరిగింది.

"ఆ ముసలమ్మ నీకేటి సేసిందే?" అంది.

నీ కోసమే అత్తా అన్నాను.

"నా కోసవని తెల్సు. మరింకెప్పుడూ నా కోసం ఏటీ సెయ్యకు. నన్ను అత్త అని ఒక్క మాట సెప్పీసుంటే పోయీది."

"నువ్వే కదా సెప్పొద్దన్నావ్."

"నాను అన్నాను. నువ్వు ఇన్నావ్. ఇన్నందుకు నీకు సుకంగానే ఉన్నాది కదే?"

ఆవిడే లాంచిలో అమ్మేవాడి దగ్గర కారం మరమరాల ఝాల్‌మూరీ పొట్లం కొని, "తిను, మిరపకాయ తీసి తిను" అని నా చేతిలో పెట్టింది. మిరపకాయ తియ్యకుండానే తిన్నాను, కళ్ళనీళ్ళకి ఒక కారణం ఉంటుందని.

తర్వాత నేను ఆ ఆస్పత్రి పద్ధతి బాగా నేర్చుకున్నాను. కావలసినదాని కంటే బాగా నేర్చుకున్నాను. మాషీమా లేచి కర్రతో నడిచి వెళ్ళిపోయేదాకా ఆవిడ మంచం దగ్గరికి సూది పట్టుకునే వెళ్ళాను. దువ్వెన మళ్ళీ ముట్టలేదు, ఆవిడదే కాదు, ఎవరిదీ. నర్సుల హాస్టలుకి మారిపోయాను. చేతులు కట్టుకుని నిలబడి పని చేయించడంలో పేరొచ్చింది, పేరుతో పాటు ప్రమోషనూ వచ్చింది. సెలవురోజుల్లో టికియాపారా వెళ్ళి అత్త చేతి అన్నం తినేదాన్ని. వార్డులో మాత్రం చివరిదాకా ఆవిడ ఆయాయే, నేను సిస్టర్ దీదీనే. చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. అయితే ఆలస్యమైన కొద్దీ ఆ మాటతో పాటు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నదీ చెప్పుకోవాలి కదా.

అత్త పోయినప్పుడు ఆస్పత్రి ఆయాలందరూ టికియాపారా వచ్చారు. వాళ్ళ కంటే ముందే వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్న నన్ను చూసి తత్తరపడ్డారు. ఇంత పెద్ద సిస్టరు ఒక ఆయాని చూడ్డానికి ఇంత దూరం వచ్చిందని వాళ్ళకి ఎంత గౌరవమో! పక్కింటికి పరుగెత్తి కుర్చీ తెచ్చారు. నన్ను లేవదీసి కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

ఇప్పుడు ఆయాలు లేరు. వార్డు మెట్ల మీద వరసగా కూర్చుని, పాన్ నములుతూ, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ, రోగుల గుట్టూ డాక్టర్ల గుట్టూ విప్పే ఆ గుంపు లేదు. మంచానికి బొత్తాముంది. నొక్కితే కంపెనీ యూనిఫారంలో ఎవరో వస్తారు. ఎప్పుడూ ఒకరే రారు. వాళ్ళ పేరు అడిగేలోపు వెళ్ళిపోతారు. ఏ పని ఎవరిదన్న తగువు లేదు, అన్నీ కలిపి బిల్లులో ఉంటాయి. మంచిదే, ఏ ముసలమ్మా తడిలో ఉండక్కర్లేదు. అయినా రాత్రిపూట బొత్తాం నొక్కి, ఎవరైనా వచ్చేదాకా కప్పు చూస్తూ పడుకున్నప్పుడు, ఆ కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది, ఆ మధ్యాహ్నం మాషీమాకి ఎంత పొడుగ్గా ఉండి ఉంటుందో.

ఆ పార్వతీపురం పిల్ల నా నిద్ర నటనని నమ్మలేదు. నర్సు కదా, ఊపిరి చూసి పట్టేసి ఉంటుంది. దువ్వెన మళ్ళీ మొదలుపెట్టి, ఆయా అంటే ఎవరో చెప్పనేలేదండీ అంది. కళ్ళు మూసుకునే చెప్పాను. ఇలా తల దువ్వి, ఒళ్ళు తుడిచి, రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషమ్మా. మా మేనత్త ఆయా. నేను పనిచేసిన వార్డులోనే చేసేది.

జీవితమంతా గొంతులో మోసిన మాట. ఆ పిల్ల చెయ్యి ఆగుతుందేమోనని ఎదురుచూశాను. ఆగలేదు.

"అలాగాండీ," అంది. "జుట్టు బాగా చిక్కుపడిపోయింది మామ్మగారూ, కొంచెం తల కదపకండి."